పెరటిరైలు: ముందు వంపు కొలవండి



మా సత్యవేడుకు రైలుస్టేషను లేదు. రైలెక్కాలంటే తూర్పున తడకో, సూళ్ళూరుపేటకో పోవాలి. పడమరకైతే పుత్తూరు. కానీ రైలుపెట్టెలు తయారయ్యేది మాత్రం మా పక్కనే. శ్రీసిటీలో అల్‌స్టామ్ వాళ్ళ కర్మాగారం ఉంది కదా. కొచ్చి మెట్రోకు, చెన్నై మెట్రోకు పెట్టెలు అక్కడినుంచి పోయాయి. పొడవాటి ట్రెయిలర్ల మీద రోడ్డునే పోయాయి. అలాంటి ట్రెయిలరు కనబడిందంటే పిల్లలు చక్రాలు లెక్కపెట్టందే కదలరు.

రైలంటే అంత మోజున్న పిల్లలు, వెనకాల కాస్త పెరడు, ఈ రెండూ ఉన్న ఇళ్ళు మా వైపు చాలానే ఉన్నాయి. ఆ పెరట్లో చిన్న రైలుదారి ఎలా వేసుకోవాలో ఈ రోజు చెబుతాను. ఆడుకున్నాక మళ్ళీ అట్టపెట్టెలో సర్దేసే బొమ్మరైలు గురించి నేను చెప్పబోవడం లేదు. ఇది ఎండకూ వానకూ అక్కడే ఉండే దారి. కింద కంకర, పైన పట్టాలు, ఒక చిన్న వంతెన, ఒక స్టేషను, చుట్టూ నిజమైన మొక్కలు. బయటిదేశాల్లో దీన్ని గార్డెన్ రైల్వే అంటారు. జర్మనీలో న్యూరెంబర్గ్ అని ఒక ఊరుంది. అక్కడ లేమాన్ అనే బొమ్మల కంపెనీ 1968లో ఎల్‌జీబీ పేరుతో ఇలాంటి రైళ్ళను అమ్మకానికి తెచ్చింది. వాటి పట్టాల మధ్య దూరం 45 మిల్లీమీటర్లు. మన లెక్కలో ఒకటిముప్పావు అంగుళం. పెరట్లో రైలు వేసేవాళ్ళకి ఆ కొలత బాగా అలవాటైపోయింది. మనమూ దాన్నే పట్టుకుందాం.

ఈ ప్రసంగంలో మీరు గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఒకటుంది. ముందు వంపు కొలవండి. తర్వాత గేజు ఎంచుకోండి. ఇంజను ఆఖర్న కొనండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. అంగట్లో మెరిసే ఇంజను చూసి ముచ్చటపడి కొంటారు. ఇంటికొచ్చి పట్టాలు పరుస్తారు. పెరట్లో వంపు ఇరుకు. పొడవాటి ఇంజను ఆ వంపులో తిరగలేక పక్కకు ఒరుగుతుంది. అందుకే మళ్ళీ చెబుతున్నా. ముందు వంపు.

గేజంటే రెండు పట్టాల మధ్య దూరమని మీకు తెలుసు. ఇప్పుడు మనం ఎక్కే రైళ్ళది బ్రాడ్‌గేజు, 1676 మిల్లీమీటర్లు. అయిదున్నర అడుగులు. ఒకప్పుడు మన పాకాల జంక్షను మీదుగా నడిచింది మీటర్‌గేజు, సరిగ్గా 1000 మిల్లీమీటర్లు. పాకాల నుంచి పీలేరు, కదిరి మీదుగా ధర్మవరం దాకా ఆ చిన్నబండి ఎక్కిపోయినవాళ్ళు ఇప్పుడు రేడియో దగ్గర తప్పకుండా ఉంటారు. దానికన్నా సన్ననిది నేరోగేజు. అందులో రెండురకాలు. 762 మిల్లీమీటర్లది ఒకటి, అంటే రెండున్నర అడుగులు. 610 మిల్లీమీటర్లది ఇంకొకటి, అంటే రెండడుగులు.

నేరోగేజంటే డార్జిలింగు, సిమ్లా గుర్తొస్తాయి అందరికీ. మన తెలుగునేల మీద కూడా మంచి నేరోగేజు రైలు ఒకటి నూరేళ్ళకు పైగా నడిచింది. శ్రీకాకుళం జిల్లాలో నౌపడా ఉంది. మద్రాసు నుంచి కలకత్తా పోయే పెద్దలైను మీది స్టేషను అది. పర్లాకిమిడి ఊరు అక్కడికి లోపలగా, దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో ఉంది. తమ ఊరిని పెద్దలైనుతో కలపాలని పర్లాకిమిడి రాజావారు రెండున్నర అడుగుల గేజుతో రైలు వేయించారు. 1900లో అది మొదలైంది. టెక్కలి, పాతపట్నం ఆ దారిలోని ఊళ్ళే. 1931 నాటికి దాన్ని వంశధార ఒడ్డున ఉన్న గుణుపురం దాకా పొడిగించారు. ఆ నేరోగేజు 2004 దాకా నడిచింది. తర్వాత బ్రాడ్‌గేజుగా మార్చారు.

మన కుప్పం అవతల బంగారుపేట నుంచి కోలారు మీదుగా చిక్కబళ్ళాపురానికి పోయిన చిన్నరైలు కూడా రెండున్నర అడుగులదే. చిత్తూరు జిల్లా పడమటి ఊళ్ళవాళ్ళకు అది ఎరుకే.

ఇంత చిన్న గేజు ఎందుకు వేశారు? ఖర్చు తక్కువ. ఆ తక్కువ ఖర్చుకు అసలు కారణం వంపు. రైలుచక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. వంపులో బయటిపట్టా పొడవు ఎక్కువ, లోపలిపట్టా పొడవు తక్కువ. గేజు తగ్గేకొద్దీ ఆ తేడా తగ్గుతుంది. బండ్లు కూడా పొట్టిగా ఉంటాయి, చక్రాలు దగ్గరదగ్గరగా ఉంటాయి. అందుకే నేరోగేజు బండి ఇరుకుమలుపులో కూడా సులువుగా తిరుగుతుంది. మలుపు తిరగ్గలిగితే కొండను తొలవక్కర్లేదు, చుట్టి పోవచ్చు. గుట్ట అడ్డమొస్తే పక్కనుంచి పోవచ్చు. మన పెరట్లో కావలసింది కూడా అదే. వేపచెట్టును కొట్టకుండా దాని చుట్టూ పోవాలి. బోరు పంపును కదపకుండా పక్కనుంచి పోవాలి.

ఇప్పుడు ఒక లెక్క చెబుతాను. మెల్లగా చెబుతాను, కాగితం అక్కర్లేదు.

మన రైల్వేల కొలతల పుస్తకం ప్రకారం బ్రాడ్‌గేజు వంపు ఎంత ఇరుకైనా, నడుమ మేకుకు కట్టిన 175 మీటర్ల తాడుతో గీసిన వలయం కన్నా ఇరుకు కాకూడదు. మీటర్‌గేజుకు ఆ తాడు 109 మీటర్లు. నేరోగేజుకు 44 మీటర్లే. ఈ మూడింటినీ పదిహేడో వంతుకు కుదిద్దాం. పదిహేడే ఎందుకంటే, రెండున్నర అడుగుల గేజును పదిహేడో వంతు చేస్తే మన 45 మిల్లీమీటర్లు వస్తుంది. అయిదున్నర అడుగుల మనిషి ఆ లెక్కలో నాలుగంగుళాల బొమ్మ అవుతాడు.

పదిహేడో వంతుకు కుదించిన బ్రాడ్‌గేజు రైలు గుండ్రంగా తిరిగి రావాలంటే 68 అడుగుల వెడల్పు స్థలం కావాలి. అంత పెరడు ఎవరికుంది? మీటర్‌గేజుకు 42 అడుగులు. అదీ కష్టమే. నేరోగేజుకు 17 అడుగులు. ఈ మూడు అంకెలు మళ్ళీ చెబుతున్నా. బ్రాడ్‌గేజుకు 68. మీటర్‌గేజుకు 42. నేరోగేజుకు 17. పెరటికి నేరోగేజే ఎందుకు నప్పుతుందో ఈ మూడు అంకెల్లోనే ఉంది. నిజం రైలు వంపును మనం ఏమాత్రం మార్చకుండా, ఉన్నదున్నట్టు మన ఇంటి వెనక పెట్టుకోవచ్చు.

పెరడు అంతకన్నా చిన్నదైతే? డార్జిలింగు రైలు రెండడుగుల గేజుది. 1881లో పూర్తయింది. 1999లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. దాని ఇరుకు వంపు దాదాపు 18 మీటర్ల తాడుతో గీసినంత. పంతొమ్మిదో వంతుకు కుదిస్తే ఆరడుగుల పైచిలుకు వెడల్పులో తిరిగి వచ్చేస్తుంది. దానికి 32 మిల్లీమీటర్ల పట్టాలు వాడతారు. మిద్దెమీద కూడా పెట్టుకోవచ్చు.

కంపెనీలవాళ్ళు ఇంకా ఇరుకువంపులు కూడా అమ్ముతారు. రెండడుగుల తాడుతో గీసినంత చిన్నవి. పొట్టి ఇంజను వాటిలో తిరుగుతుంది, కాదనను. కానీ పెట్టెల మూలలు బయటికి పొడుచుకొస్తాయి. చక్రాలు పట్టాను రాసుకుని కీచుమంటాయి. నా మాట వింటే, 45 మిల్లీమీటర్ల పట్టాలకు నాలుగడుగుల తాడు కన్నా తగ్గకండి. స్థలముంటే ఎనిమిదిన్నర అడుగులు పెట్టండి.

ఇక పెరట్లోకి వద్దాం.

30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న పెరడు ఒకటి అనుకోండి. ఒక మేకు, ఒక నులకతాడు, ఒక డబ్బా ముగ్గుపిండి తీసుకోండి. వెడల్పుకు సరిగ్గా నడుమ, ఒక చివరి గోడనుంచి పదడుగుల దూరంలో మేకు కొట్టండి. తాడు ఒక కొస మేకుకు కట్టండి. ఎనిమిదిన్నర అడుగుల దగ్గర తాడు పట్టుకుని, బిగువుగా లాగి, అరవలయం నడవండి. నడుస్తూ ముగ్గుపిండి వదలండి. రెండో చివర కూడా అలాగే చెయ్యండి. రెండు అరవలయాలనూ రెండు తిన్నని గీతలతో కలపండి. అదే మీ దారి. మొత్తం పొడవు 73 అడుగులు వస్తుంది. గోడలకూ దారికీ మధ్య అడుగున్నర మిగులుతుంది. మనిషి పక్కకు తిరిగి నడవడానికి అది చాలు.

ఇప్పుడు ఆ తెల్లగీతను చూస్తూ పెరడంతా తిరగండి. ఎక్కడెక్కడ ఏం తగులుతోందో చూడండి. కొబ్బరిచెట్టు కిందనుంచి పోతోందా? అయితే పక్కకు జరపండి. పైనుంచి కాయో మట్టో పడితే పట్టా వంగుతుంది, బండి విరుగుతుంది. వేపచెట్టు కిందైతే బండికి భయం లేదు. కానీ కాయలు పండే కాలంలో ఆ పళ్ళు రాలి పట్టామీద జిగురుగా అతుక్కుంటాయి. రోజూ తుడుచుకోగలిగితే సరే. బట్టలు ఉతికే బండ దగ్గర సబ్బునీళ్ళు ఎటు పోతున్నాయో చూడండి. ఆ నీళ్ళ దారికి అడ్డంగా మన దారి పడకూడదు. వాకిట్లో మాత్రం పెట్టకండి. పొద్దున్నే కళ్ళాపి చల్లే చోట, ముగ్గేసే చోట, నలుగురు నడిచే చోట రైలుదారి నిలవదు. ఇంట్లోవాళ్ళకు అడ్డమైతే ఎంత మంచి రైలైనా నాలుగునాళ్ళ ముచ్చటే అవుతుంది. దారి దాటాల్సిన చోట పట్టాలకు రెండువైపులా కడపబండలు పట్టా ఎత్తుకు సమంగా పరవండి. అమ్మ బట్టలబకెట్టు పట్టుకుని వెళ్ళినా కాలికి తగలకూడదు.

గీత అటూ ఇటూ వంకర పోయినా ఫరవాలేదు. నేరోగేజుకు వంకరే అందం. కానీ ఒక జాగ్రత్త. ఎడమవంపు అవగానే కుడివంపు పెట్టకండి. రెండింటి నడుమ మీ దగ్గరున్న అన్నిటికన్నా పొడవైన పెట్టె పొడవంత తిన్ననిదారి వదలండి. లేకపోతే పెట్టెలను కలిపే కొక్కేలు ఒకదాన్నొకటి పక్కకు లాగి పట్టా తప్పిస్తాయి.

గీత కుదిరింది. ఇప్పుడు ఏటవాలు సంగతి.

చెరువు తూము నుంచి పొలానికి కాలువ తీసే రైతును చూడండి. కాలువను అడ్డదిడ్డంగా గుట్టమీదికి ఎక్కించడు. నేల వాలు ఎటుందో చూసుకుంటూ, కాలువను అదే మట్టంలో ఒరసుకుంటూ తీసుకుపోతాడు. దూరం ఎక్కువైనా సరే, నీళ్ళు నిదానంగా పారితే చాలు. పెరటిరైలు కూడా అంతే. దారి చుట్టు తిరిగినా ఫరవాలేదు, ఎత్తు పెరగకూడదు.

ఎంత వాలు ఉండొచ్చు? నాలుగడుగులకు ఒక అంగుళం. అంతవరకు చిన్న ఇంజను నాలుగు పెట్టెలతో హాయిగా ఎక్కుతుంది. కాల్కా–సిమ్లా రైలుకు దాదాపు మూడడుగులకు ఒక అంగుళం వాలుంది. అది కొండరైలు కాబట్టి సరిపోయింది. మన పక్కరాష్ట్రంలో మేట్టుపాళయం నుంచి ఊటీకి పోయే నీలగిరి రైలుకు కొన్నిచోట్ల ఇంచుమించు అడుగుకొక అంగుళం వాలుంది. అంత వాలుకు మామూలు చక్రం జారిపోతుంది. అందుకే పట్టాల నడుమ పళ్ళున్న కమ్మీ వేసి, ఇంజనుకు పళ్ళచక్రం పెట్టారు. మన పెరటికి అవన్నీ వద్దు. నాలుగడుగులకు ఒక అంగుళం. దానికి మించకండి.

ఈ వాలు కొలవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. బేల్దారి మేస్త్రీలు వాడే నీళ్ళపైపు చాలు. పారదర్శకంగా ఉండే సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు నింపి, లోపల గాలిబుడగ లేకుండా చూసి, రెండు కొసలూ రెండుచోట్ల నిలబెడితే, రెండువైపులా నీళ్ళు ఒకే మట్టంలో నిలుస్తాయి. అక్కడ కర్రకు గుర్తు పెట్టుకోండి. ప్రతి నాలుగడుగులకూ ఒక కర్రపుల్ల నాటి, ప్రతి పుల్లకూ మట్టం గుర్తు పెట్టుకుంటూ చుట్టూ తిరిగి రండి. పెరడు చూడటానికి చదునుగానే ఉంటుంది. గొట్టం పెట్టి చూస్తే ఈ చివరికీ ఆ చివరికీ అరడుగు తేడా బయటపడుతుంది. ఆ తేడా ముందే తెలిస్తే, పల్లంలో కట్ట పోసి, మెరకలో కాస్త తవ్వి, సరిచేసుకోవచ్చు.

దారి ఒకదానిమీదుగా ఒకటి పోవాలని, పైన వంతెన, కింద రైలు ఉండాలని పిల్లలు అడుగుతారు. అడగడం న్యాయమే. లెక్క చూద్దాం. కిందనుంచి రైలు దూరాలంటే పైదారి పది అంగుళాలు ఎక్కాలి. నాలుగడుగులకు ఒక అంగుళం చొప్పున ఎక్కడానికి 40 అడుగులు, దిగడానికి మళ్ళీ 40. మన దారంతా కలిపితేనే 73 అడుగులు. కాబట్టి ఆ కోరిక ఈ పెరట్లో తీరదు. దాని బదులు పల్లం ఉన్నచోట మట్టి పోయకుండా వదిలేసి, అక్కడ ఒక వంతెన కట్టండి. దారి మట్టం మారదు, వంతెనా దక్కుతుంది. దానికింద వాననీళ్ళు పోవడానికి దారీ దొరుకుతుంది.

వాన మాటొచ్చింది కాబట్టి నేల సంగతి కాస్త వివరంగా చెప్పాలి.

మా సత్యవేడు చుట్టుపక్కల నేల తవ్వితే గుండ్రటి గులకరాళ్ళు బయటపడతాయి. ఇది ఈనాటి మాట కాదు. భూగర్భశాస్త్రవేత్తలు ఇక్కడి రాతిపొరను మా ఊరి పేరుతోనే సత్యవేడు ఫార్మేషన్ అని పిలుస్తారు. డైనోసార్లు తిరిగిన కాలంనాటి పొర అది. ఇసుకరాయి, దానిలో పొదిగినట్టు నున్నటి గులకలు. ఎప్పటివో నీళ్ళు దొర్లించి దొర్లించి నునుపుచేసిన రాళ్ళు. చూడటానికి చాలా బాగుంటాయి. ఊరికే దొరుకుతాయి కూడా. వాటిని పట్టాలకింద పొయ్యాలని ఎవరికైనా అనిపిస్తుంది. దయచేసి పొయ్యకండి.

పట్టాలకింద కంకర చేసే పని ఏమిటి? స్లీపర్లను కదలకుండా పట్టుకోవాలి, నీళ్ళను కిందికి వదిలెయ్యాలి. రాయి కోణాలుగా పగిలి ఉంటేనే ఒకదానిలో ఒకటి ఇరుక్కుని పట్టు చిక్కుతుంది. నున్నటి గులక జారిపోతుంది. పెద్దరైలు పట్టాలకింద కూడా క్రషర్లో పగలగొట్టిన రాయే ఉంటుంది, ఈసారి స్టేషనుకు పోయినప్పుడు చూడండి. మన పెరటికి బేబీ చిప్స్ సరిపోతాయి. ఇళ్ళకు కాంక్రీటు వేసేటప్పుడు వాడే సన్నకంకర. దానిలో కాస్త క్రషర్ పొడి కలిపితే గట్టిగా కూర్చుంటుంది. గులకరాళ్ళను వంతెనకింద వాగులో పరవండి. అక్కడ వాటి అందం కనిపిస్తుంది.

కట్ట ఇలా వెయ్యండి. ముగ్గుపిండి గీత వెంట అడుగు వెడల్పు, అరడుగు లోతు తవ్వండి. అడుగున పెద్దకంకర నింపి దిమ్మిసతో కొట్టండి. దానిమీద నేలకన్నా రెండుమూడు అంగుళాల ఎత్తు వచ్చేదాకా చిప్స్ పొయ్యండి. రెండువైపులా ఇటుకలు నిలువుగా పాతితే కట్ట చెదరదు. పెరట్లో నీళ్ళు సహజంగా ఎటు పారతాయో అక్కడ కట్టకింద ఒక పీవీసీ పైపుముక్క అడ్డంగా పెట్టండి. ఇది మరిచిపోవద్దు. మాకు పెద్దవానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. తుపాను పట్టిందంటే రోజంతా కురుస్తుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానప్పుడు ఈ వైపు ఎంత వాన పడిందో అందరికీ గుర్తే. అంత నీళ్ళకు కట్ట అడ్డంగా నిలబడితే, నీళ్ళు కట్టనే తీసుకుపోతాయి. దారి వదిలితే కట్ట నిలుస్తుంది.

వాన మూడునెలలు. ఎండ మిగతా కాలమంతా. మే నెల మధ్యాహ్నం పట్టామీద వేలు పెట్టలేం. లోహం వేడికి పెరుగుతుంది. పది మీటర్ల ఇత్తడిపట్టా 40 డిగ్రీలు వేడెక్కితే సుమారు ఏడెనిమిది మిల్లీమీటర్లు పొడవెక్కుతుంది. అల్యూమినియమైతే ఇంకాస్త ఎక్కువ. ఆ పెరిగిన పొడవుకు చోటు లేకపోతే పట్టా పక్కకు పాములా మెలిక తిరుగుతుంది. అందుకే రెండు పనులు చెయ్యండి. పట్టాలను సిమెంటులో పాతకండి, చిప్స్ మీద తేలుతున్నట్టు వదలండి. అతుకుల దగ్గర సందు ఇవ్వండి. అడుగు పొడవు ముక్కలైతే, చల్లటి పొద్దున బిగించేటప్పుడు ప్రతి అతుకులోనూ ఒక పోస్టుకార్డు మందం సందు చాలు.

కొనే పట్టాలు ఇత్తడివి, ఖరీదైనవి. సొంతంగా చేసుకోవాలనుకుంటే అంగట్లో దొరికే సన్నటి అల్యూమినియం పట్టీలు తెచ్చి, నిలువుగా స్లీపరు గాడిలో దించవచ్చు. ఇక స్లీపర్లు. మా వైపు చెదలు చాలా ఎక్కువ. మామూలు చెక్క వేస్తే ఒక్క వానాకాలంలోనే తినేస్తాయి. చేవదేరిన టేకుముక్కలు వాడండి. లేదా గట్టి ప్లాస్టిక్ పట్టీని కోసి వాడండి. అడుగున పెద్దకంకరను దిమ్మిసతో గట్టిగా కొట్టమన్నది కట్టలో పందికొక్కులు బొరియ పెట్టకుండా ఉండటానికి కూడా.

ఇక ఇంజను. ఆఖర్న అన్నాను కదా, ఇప్పుడు ఆఖరుకొచ్చాం. పట్టాల్లో కరెంటు పారించి నడిపే పద్ధతి ఒకటుంది. పెరట్లో దుమ్ము, ఆకులు, వేపజిగురు పట్టాకెక్కితే కరెంటు ఆగి ఆగి వస్తుంది. ఇంజనులోనే బ్యాటరీ పెట్టి, చేతిలో రిమోటుతో నడిపేది మనకు మేలు. పట్టాలో కరెంటు ఉండదు కాబట్టి ఏ లోహమైనా ఫరవాలేదు, తడిసినా భయం లేదు. ఒకటే జాగ్రత్త. బ్యాటరీ ఇంజనును ఎండలో వదిలెయ్యకండి. ఆట అయిపోగానే నీడకు తేవాలి. నిజంగా నీళ్ళు మరిగించి ఆవిరితో నడిచే చిన్న ఇంజన్లు కూడా ఉన్నాయి. వాటి సొగసే వేరు. అయితే వాటిని పెద్దవాళ్ళు పక్కనుండి నడపాలి.

ఇంజనుకు ముందుచక్రానికీ వెనకచక్రానికీ మధ్య దూరం ఎంతో అడిగి కొనండి. ఆ దూరం ఎంత తక్కువుంటే మీ వంపులో అంత సాఫీగా తిరుగుతుంది. మీ వంపు తాడు ఎంతో మీకు తెలుసు. ఎనిమిదిన్నర అడుగులు. ఆ అంకె చెప్పి, ఈ వంపులో తిరుగుతుందా అని అడగండి. అంగడివాడు సరిగ్గా జవాబు చెప్పగలుగుతాడు. ముందు వంపు కొలవమన్నది ఇందుకే.

దారి అయ్యాక చుట్టూ ఏం పెట్టాలి? అన్నీ పెట్టాలని ఆశపడకండి. ఏదో ఒక రైలును మనసులో పెట్టుకోండి. నాకైతే నౌపడా లైనే ఇష్టం. నౌపడా అంటే ఉప్పుమళ్ళకు పేరు. దారి పక్కన నాలుగు చిన్న మళ్ళు కట్టి, అడుగున తెల్లసున్నం పూసి, వాటి పక్కన ఒక చిన్న గూడ్సు పెట్టె నిలబెడితే అది నౌపడా అవుతుంది. రెండో చివర పర్లాకిమిడి. నడుమ టెక్కలి, పాతపట్నం పేర్లతో రెండు పలకలు. పలకమీద పేరు తెలుగులో రాయండి. పిల్లలు ఆ పేర్లు చదువుతూ మన రాష్ట్రం ఉత్తరకొసదాకా పోయివస్తారు. పాకాల మీద ప్రేముంటే పాకాల వెయ్యండి. అప్పుడు మీటర్‌గేజు కాబట్టి పదిహేడో వంతు బదులు ఇరవైరెండున్నరో వంతు తీసుకుంటే అదే 45 మిల్లీమీటర్ల పట్టా సరిపోతుంది. ఎల్‌జీబీ వాళ్ళు వాడేది కూడా ఆ లెక్కే. వంపు మాత్రం నిజం మీటర్‌గేజు కన్నా ఇరుకుగానే ఉంటుంది. అందులో తప్పేం లేదు. పెట్టెలు పొట్టివి ఎంచుకోండి.

మొక్కల్లో చిన్నఆకులవే పెట్టాలి. నాలుగంగుళాల మనిషి పక్కన అరచేయంత ఆకు ఎబ్బెట్టుగా ఉంటుంది. మరువం కత్తిరిస్తూ ఉంటే గుబురుచెట్టులా కనిపిస్తుంది. వాసన సరేసరి. టేబుల్ రోజా ఎండకు తట్టుకుంటుంది, నేలంతా పూలు పరుస్తుంది. తులసిని మాత్రం దాని కోటలోనే ఉండనివ్వండి. కట్టమీదికి గడ్డి పాకకుండా వారానికొకసారి చేత్తో పీకాలి. కలుపుమందు చల్లకండి, పిల్లలు చేతులు పెట్టే చోటు అది.

ఇంజనును పట్టాలమీద పెట్టే ముందు ఒక పరీక్ష చెయ్యండి. ఒక ఖాళీపెట్టె తీసుకోండి. వేలితో మెల్లగా తోస్తూ దారంతా తిప్పండి. వంగి, పట్టాకు చెవి దగ్గరగా పెట్టి వినండి. అతుకు దగ్గర టక్కుమంటే అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి. పెట్టె ఒకవైపు ఒరిగితే ఇంకో గుర్తు. వంపు మొదలయ్యే చోట, వంతెన ఎక్కే చోట ఎక్కువ గుర్తులు పడతాయి, కంగారుపడకండి. గుర్తున్న చోటల్లా స్లీపరు కొస ఎత్తి, కింద గుప్పెడు చిప్స్ దోపి, చెక్కతో తట్టి, మళ్ళీ పెట్టె తోసి చూడండి. ఖాళీపెట్టె ఎక్కడా ఎగరకుండా వరసగా మూడుచుట్లు తిరిగిందంటే, అప్పుడు ఇంజను తెచ్చి పెట్టండి. మొదటిచుట్టు రిమోటు పిల్లల చేతికే ఇవ్వండి.